అగ్నిసూచక యంత్రములు – ఆ వృత్తియందలి విద్యావినిమయము

గ్రామములలో పూరియిండ్లు ఒకదానినొకటి ఒరసికొని యుండిన దినములలో వేసవి యనగనే అగ్నిభయము. ఏ చూరునకైనను నిప్పంటుకొన్నచో మొదట చూచినవాడు కేక వేసెడివాడు; ఆ కేక విని మరియొకడు టముకు వేసెడివాడు, లేదా గుడిలో గంట మ్రోగెడిది; ఊరివారు కడవలతో పరుగెత్తెడివారు. ఈ ఏర్పాటునకు ఖర్చు లేదు, యంత్రము లేదు. అయినను ఇందు రెండు విషయములు ఇమిడియున్నవి. మంటను ఎవరో యొకరు వెంటనే కనుగొనుట మొదటిది; వినినవారికి ఆ మంట ఎక్కడనో తెలియుట రెండవది. చిన్న ఊరిలో ఈ రెండును అనాయాసముగ జరిగెడివి. తలయెత్తి చూచినచో పొగ కనబడెడిది. ఊరు నగరమై, ఇల్లు పలు అంతస్తుల మేడయై, రాత్రివేళ దుకాణములకు తాళములు పడి, అందరును తలుపులు బిగించుకొని నిద్రించు కాలము వచ్చినపుడు ఈ రెండును దుర్లభములైనవి. అగ్నిసూచక యంత్రముల చరిత్ర యంతయు ఈ రెండు లోపములను పూరించుటకై జరిగిన ప్రయత్నమే. యంత్రముల సంగతి పుస్తకములలో లభించును. వానిని అమర్చి కాపాడు పనివారి విద్య ఒకరినుండి యొకరికి ఎట్లు వచ్చినది, ఎక్కడ తెగిపోవుచున్నది అను ప్రశ్నకు మాత్రము సమాధానము అంత సులభముగ దొరకదు.

రెండవ లోపమే ముందుగ తీరినది. అమెరికాలోని బోస్టను నగరమున చర్చిగంటలు మ్రోగించి అగ్నిప్రమాదమును చాటుచుండిరి. గంట విని జనులు వీధులలోనికి వచ్చెడివారే కాని ఏ దిక్కునకు పోవలెనో తెలియకుండెను. విలియం ఛానింగు అను వైద్యశాస్త్ర పట్టభద్రుడు, క్రొత్తగ వచ్చిన టెలిగ్రాఫు తీగెనే ఇందుకు వినియోగింపవచ్చునని 1845లో ఒక పత్రికలో వ్రాసెను. మోసెస్ ఫార్మరు అను ఇంజనీరు ఆయనకు తోడయ్యెను. వారిరువురి కృషిచే 1852 ఏప్రిలులో బోస్టనులో తొలి అగ్ని టెలిగ్రాఫు పనిచేయ నారంభించెను. వీధి మలుపులలో ఇనుపపెట్టెలు నిలిపిరి. పెట్టెలోని పిడిని త్రిప్పినచో లోపలి పండ్లచక్రము తీగెలోని విద్యుత్తును కొన్ని పర్యాయములు త్రెంచి కలుపును. ఆ త్రెంపుల లెక్కయే పెట్టె సంఖ్య. కేంద్రమునందలి ఉద్యోగి ఆ సంఖ్య గుర్తించి నగరములోని గంటలను అదే లెక్కతో మ్రోగించును. భయపడినవాడు పిడిని గబగబ త్రిప్పినచో సంకేతము చెడెడిది. అందుచే పిమ్మట గడియారపు స్ప్రింగు అమర్చి, కొక్కెమును ఒకమారు లాగి విడిచినచో చక్రము తనంతట తానే సమవేగమున తిరుగునట్లు చేసిరి. మనిషి కంగారును యంత్రమునుండి వేరుచేయుట ఈ వృత్తి నేర్చుకొన్న మొదటి పాఠమని చెప్పవచ్చును.

ఈ యంత్రము బోస్టను దాటి వ్యాపించిన విధము వినదగినది. 1855లో ఛానింగు వాషింగ్టనులోని స్మిత్సోనియను సంస్థయందు తన పద్ధతిని గూర్చి బహిరంగ ఉపన్యాసము చేసెను. ఆ సభలో దక్షిణ కరోలినా రాష్ట్రములోని కాందెన్ అను చిన్న పట్టణపు పోస్టుమాస్టరు, టెలిగ్రాఫు పని తెలిసిన జాన్ గేమ్‌వెల్ కూర్చుండి యుండెను. వినినదానిని అతడు విడువలేదు. మొదట దక్షిణ రాష్ట్రముల హక్కులను, 1859 నాటికి తక్కిన హక్కులను కొనెను. అంతర్యుద్ధమున ఆ పేటెంట్లను ప్రభుత్వము జప్తుచేసి వేలము వేయగా జాన్ కెన్నార్డు అనునతడు పాడుకొని, తరువాత గేమ్‌వెల్‌తో కలిసి వ్యాపారము సాగించెను. ఆ శతాబ్ది ముగియునప్పటికి వందలాది నగరములలో గేమ్‌వెల్ పెట్టెలు వెలసినవి. ఒక ఉపన్యాసమును ఒక పోస్టుమాస్టరు శ్రద్ధగ వినుట యింతకు మూలము. ఛానింగు తన విద్యను నాలుగు గోడల నడుమ దాచుకొని యుండినచో ఏమయ్యెడిదో ఊహింపవచ్చును. అయితే ఇందు మరియొక పార్శ్వము కూడ కలదు. కనిపెట్టినవారు విద్యను చెప్పిరి, కొన్నవాడు దానిని సొత్తుగ చేసికొనెను. చెప్పుట, దాచుట అను ఈ రెండు గుణములును ఈ వృత్తిని నేటివరకును వెన్నాడుచున్నవి.

మొదటి లోపము, అనగా మనిషి కన్ను లేనిచోట మంటను కనుగొనుట, తీరుటకు మరికొంతకాలము పట్టెను. 1890లో ఎడిసన్ సహచరుడైన ఫ్రాన్సిస్ అప్టన్ విద్యుత్ అగ్నిసూచకమునకు పేటెంటు పొందెను. 1902లో బర్మింగ్‌హాం నగరమునందు జార్జి డార్బీ వేడిమిని గుర్తించు సూచకమును చేసెను. ఇవి వేడిమిని మాత్రమే ఎరుగును. వేడిమి పైకప్పును చేరునప్పటికి గదిలో నిద్రించువానికి పొగ ఎప్పుడో చేరియుండును. అగ్నిప్రమాదములలో మరణించువారిలో పెక్కుమందిని చంపునది మంట కాదు, పొగ.

పొగను పసిగట్టు విద్య యాదృచ్ఛికముగ లభించినది. 1930-40 నడుమ స్విట్జర్లాండులో వాల్టర్ యేగర్ అను భౌతికశాస్త్రజ్ఞుడు విషవాయువులను కనుగొను పరికరము చేయబూనెను. గాలిని అయనీకరించి అందు స్వల్పమైన విద్యుత్తు ప్రవహించునట్లు చేసినచో, విషవాయువు సోకగనే ఆ ప్రవాహము మారునని అతని ఆలోచన. విషవాయువు సోకినను ముల్లు కదలలేదు. విసిగి సిగరెట్టు వెలిగించెను, ముల్లు కదలెను. పొగకణములు అయనులను పట్టుకొని విద్యుత్ప్రవాహమును తగ్గించినవి. ఎర్న్‌స్ట్ మైలీ ఆ స్వల్పమైన మార్పును గంట మ్రోగించునంత బలముగలదానినిగా చేయు సాధనమును కల్పించెను. 1941లో బాడ్ రగాజ్ అను ఊరిలో సెర్బెరస్ అను సంస్థ వెలసెను. 1965 ప్రాంతమున అమెరికాలో డ్యువేన్ పియర్సల్, స్టాన్లీ పీటర్సన్ అనువారు బ్యాటరీతో పనిచేయు గృహసూచకమును రూపొందించిరి. ఇట్టి సూచకములలో అమెరీషియం అను రేడియోధార్మిక మూలకము అత్యల్ప పరిమాణమున నుండును. అందుచే పాతబడినదానిని చెత్తకుప్పలో పారవేయరాదు. నేడు భవనములలో ఎక్కువగ కనబడు రెండవ జాతి సూచకము కాంతిచే పనిచేయును. నల్లని చిన్నగదిలో ఒక వెలుగు, దానికి ఎదురుగ కాక ప్రక్కగ ఒక కన్ను ఉండును. పొగ లేనపుడు వెలుగు కంటబడదు. పొగ చొరబడగనే దాని కణములపై పడి చెదరిన వెలుగు కంటికి తగులును. తలుపు సందునుండి సూర్యకిరణము పడినపుడు దుమ్ము మెరయుట చూచినవారికి ఇది చెప్పకయే తెలియును. భగ్గున మండు నిప్పును అయను సూచకము ముందుగ పట్టును. పరుపులో, దూదిలో గంటలకొలది రగులు నిప్పును కాంతిసూచకము ముందుగ పట్టును.

ఇంతవరకు శాస్త్రజ్ఞుల పని. ఇకమీదటిది పనివాని పని. నిజమునకు ప్రాణములు నిలుచుటయు పోవుటయు ఇక్కడనే.

పానెలు అను కేంద్రపెట్టె నుండి ఒక జత తీగెలు బయలుదేరి ఒక్కొక్క సూచకమును తాకుచు పోవును. ఈ తీగె ఎక్కడనో ఎలుక కొరికి తెగినచో దాని ఆవలి సూచకము లన్నియు మూగబోవును. కాని చూచువారికి అవి కప్పునందు యథాతథముగ అంటియే యుండును. ఈ అపాయమును నివారించుటకు తీగె చిట్టచివర ఒక చిన్న రెసిస్టరు ఉంచుదురు. పనివారు దీనిని ఎండ్ ఆఫ్ లైన్ అందురు. పానెలు 24 వోల్టుల విద్యుత్తును ఇచ్చుచుండగా 4700 ఓముల రెసిస్టరు చివర నున్నచో సుమారు 5 మిల్లీయాంపియర్ల ప్రవాహము నిరంతరము పోవుచుండును. ఆ ప్రవాహము ఉన్నంతవరకు తీగె క్షేమము. అది నిలిచినచో పానెలుపై పసుపుపచ్చని దీపము వెలిగి తీగె తెగినదని తెలుపును. ప్రవాహము హెచ్చినచో సూచకము పొగను చూచినదని అర్థము. రెండు తీగెలును ఒకదానికొకటి అంటుకొన్నచో కొన్ని పానెళ్లు దానిని అగ్నిగా గ్రహించి గంట మ్రోగించును. మరికొన్ని దానిని లోపముగ మాత్రమే చూపును. ఒక పద్ధతి నేర్చి వచ్చినవాడు రెండవ పద్ధతి పానెలును ముట్టునపుడు ఈ భేదము ఎరిగియుండవలెను.

డెల్టా ప్రాంతపు రైతులకు దీనిని ఒక్క మాటలో చెప్పవచ్చును. కాలువ క్షేమముగ నున్నదో లేదో తెలియవలెనన్న చివరి మడికి నీరు అందినదా యని చూడవలెను. తూము వద్ద నిలుచుండి చూచినవానికి ఎప్పుడును కాలువ నిండుగనే కనబడును. అట్లే రెసిస్టరు చివరనే యుండవలెను. కాని తొందరపడు పనివాడు మేడ కొసకు నిచ్చెన మోయ నిష్టములేక దానిని పానెలు లోపలనే బిగించును. అప్పుడు బయట తీగె యంతయు తెగిపోయినను పానెలు "అంతయు క్షేమము" అని చెప్పుచుండును. ఇంతకన్న భయంకరమైన అసత్యము ఈ వృత్తిలో లేదు. ఇట్టిదే మరియొక తప్పు, నడుమ నుండి పిల్లకాలువ వలె కొమ్మతీగెను లాగుట. కొమ్మ తెగినను ప్రధానకాలువ చివరికి నీరు అందుచునే యుండును గనుక ఆ లోపము ఎన్నడును బయటపడదు.

ఈ రెండు తప్పులును పుస్తకములలో నిషిద్ధములే. అయినను అవి ఎట్లు వ్యాపించుచున్నవి? మంచిపద్ధతి వ్యాపించిన మార్గముననే. పెద్ద పనివాని వెనుక సంచి మోయుచు తిరుగు కుర్రవాడు చూచి నేర్చుకొనును; గురువు చేసినది శిష్యునకు ప్రమాణము. "ఇట్లేల" అని అడుగుట కుర్రవానికి చేతకాదు, చెప్పుటకు పెద్దవానికి తీరికలేదు. ఫలితము చూపి నేర్పు వృత్తులలో తప్పు తానే బయటపడును. సారె తప్పిన కుండ వంకరగ వచ్చును, నేత తప్పిన బట్టలో ఒర తెలియును. అగ్నిసూచకమున తప్పు నిప్పు పుట్టిన దినమున గాని తెలియదు. ఆ దినము ఇరువది యేండ్లకును రాకపోవచ్చును. కావుననే ఈ వృత్తిలో చేతివిద్య ఒక్కటియే చాలదు, దానితో కారణము కూడ చేతులు మారవలెను.

కారణము చెప్పి నేర్పిన పనివానికి ఇట్టివి తెలియును: సూచకమును శీతలయంత్రపు గాలి వెలువడు రంధ్రము ప్రక్కన పెట్టరాదు, ఆ గాలి పొగను చేరనీయదు. ఎత్తైన హాలులో పొగ చల్లబడి కప్పును చేరకమునుపే నడుమ పొరగా నిలిచిపోవచ్చును. సున్నము వేయునపుడు తొడిగిన ప్లాస్టిక్ మూతలను తీయ మరచినచో సూచకము గ్రుడ్డిదే. బ్రిటిషు పద్ధతిలో పొగసూచకమునకు 7.5 మీటర్లు, వేడిమిసూచకమునకు 5.3 మీటర్లు మించిన దూరమున గదిలోని ఏ స్థలమును ఉండరాదు. వంటయింటిలో పొగసూచకము పెట్టినవాడు దినమునకు ఇరుమారులు గంట విని, మూడవనాడు దాని నోరు నొక్కును.

ఈ చివరి సంగతి చిన్నదిగ కనబడును గాని ఇందు మనుష్యుల ప్రాణములు చిక్కుకొని యున్నవి. న్యూజెర్సీ రాష్ట్రములోని ఒక విశ్వవిద్యాలయపు విద్యార్థివసతియందు 2000 జనవరి 19 తెల్లవారుజామున నిప్పు పుట్టి ముగ్గురు విద్యార్థులు మరణించిరి. గంట మ్రోగినది. అంతకుముందు కొన్ని మాసములలోనే పదునెనిమిది మారులు ఉత్తుత్త మ్రోగియుండెను. అందుచే ఇదియు అట్టిదేయని పెక్కురు పక్కలు దిగలేదు. నాన్న పులి కథ పిల్లలకు చెప్పుదుము. దానిని మొదట వినవలసినవాడు యంత్రమును అమర్చువాడు. ఉత్త గంట మ్రోగినపుడు దుమ్మా, పురుగా, ఆవిరియా, తీగెలో తడియా అని వెదకి కారణమును వ్రాసిపెట్టుట పని. నొక్కి ఊరుకొనుట పని కాదు.

వ్రాసిపెట్టుట అను ఈ ఆచారమునుండియే నియమగ్రంథములు పుట్టినవి. 1895లో బోస్టను పరిసరములందు, నూరు మైళ్ల లోపలనే, అగ్నిని ఆర్పు నీటిగొట్టముల అమరికకు ఒకదానికొకటి పొసగని తొమ్మిది పద్ధతులు వాడుకలో నుండెను. పనివారు ఏది పాటింపవలెనో ఎరుగకుండిరి. భీమావారును గొట్టములు చేయువారును కూడి మాటలాడుకొనిరి. దాని ఫలితముగ 1896లో జాతీయ అగ్నినివారణ సంఘము ఏర్పడెను. పోటీదారులు ఒకే బల్లయొద్ద కూర్చుండి తమ అనుభవములను, అందలి తప్పులను కూడ చెప్పుకొనిరి. అమెరికాలో నేటికిని అగ్నిసూచకములకు ప్రమాణమైన 72వ సంఖ్యగల నియమావళి ఆ సంఘముదే. మన దేశమున ఈ యంత్రముల ఎంపిక, అమరిక, పోషణలను గూర్చిన భారత ప్రమాణము 2189వ సంఖ్య గలది. 1970లో మొదట వెలువడిన జాతీయ భవననిర్మాణ నియమావళియందు నాలుగవ భాగము అగ్నిరక్షణకు కేటాయింపబడినది. 1956లో స్థాపింపబడి మరుసటి యేట నాగపూరునకు తరలిన జాతీయ అగ్నిమాపక కళాశాల అధికారులకు శిక్షణ నిచ్చుచున్నది. కాని కళాశాలకు పోవువాడు అధికారి; నిచ్చెన ఎక్కువాడు కాదు. ప్రమాణగ్రంథమును ఇప్పుడు రుసుము లేకయే పొందవచ్చును. అయినను దాని ఇంగ్లీషు న్యాయవాదుల ఇంగ్లీషు.

ఇటీవలి కాలమున మరియొక అడ్డంకి తోడైనది. 1980 తరువాత వ్యాపించిన పానెళ్లలో ప్రతి సూచకమునకును ఒక సంఖ్య ఉండును. మూడవ అంతస్తు పడమటి గది అని పానెలు అక్షరములతో చూపగలదు. బోస్టను వీధిపెట్టె చేసిన పనియే ఇది, మేడ లోపల జరుగుచున్నది. ఇది గొప్ప సౌకర్యమే. కాని ఆ పానెలును దిద్దుటకు రహస్యపదము కావలెను, ప్రత్యేకమైన కంప్యూటరు కార్యక్రమము కావలెను. అవి చేసిన సంస్థయొద్దనో, అది ఒప్పుకొన్న వ్యాపారియొద్దనో మాత్రమే యుండును. తెలియనివాడు ముట్టి చెడగొట్టరాదు గనుక తాళము ఉండవలెనని సంస్థలవారి వాదము. అందు సత్యము కలదు. అయితే వ్యాపారి దుకాణము మూసికొన్ననాడు, లేదా బాకీ విషయమున తగవు వచ్చిననాడు, ఆసుపత్రి పైకప్పునందలి మూడువందల సూచకములు ఎవరికిని తెలియని భాష మాటలాడును. తాళమునకు కాదు, యజమాని యొద్ద తాళపుచెవి లేకపోవుటకు అభ్యంతరము చెప్పవలసియున్నది. పని ముగించిన దినమున తీగెలు నిజముగ పోయిన మార్గమును చూపు పటమును, సూచకముల జాబితాను, రహస్యపదమును మూసిన కవరులో పెట్టి యజమానికి అప్పగించు సదాచారము కొందరు పనివారియందు కలదు. వచ్చు పనివాడు ఎవడో వారెరుగరు. అయినను వానికొరకు వ్రాసిపెట్టుదురు.

ప్రవాసాంధ్రులు చిరకాలముగ నివసించు నగరములకు ఈ విషయముతో సంబంధము లేకపోలేదు. షోలాపూరులో పద్మశాలీలు తరతరములుగ దుప్పట్లును తువాళ్లును నేయుచున్నారు. మగ్గముల గదిలో నూలుధూళి గాలిలో తేలుచుండును. అట్టిచోట సాధారణమైన పొగసూచకము అమర్చినచో ధూళిని పొగయని భ్రమించి మ్రోగుచునే యుండును. 57 డిగ్రీల వేడిమికి మేల్కొను వేడిమిసూచకమే అక్కడ తగినది. నూలుధూళి ఎంత తేలికగ రాజుకొనునో మగ్గమువానికి తెలిసినంతగ యంత్రము అమ్మువానికి తెలియదు. వారిరువురును ముందుగ మాటలాడుకొనుట మేలు. బెంగుళూరులో 2010 ఫిబ్రవరి 23న ఒక బహుళాంతస్తుల భవనమున విద్యుత్ తీగెల గూటినుండి పొగ వ్యాపించి తొమ్మండుగురు మరణించిరి. సికింద్రాబాదులో 2022 సెప్టెంబరులో క్రింది అంతస్తులోని బ్యాటరీ వాహనముల దుకాణమున పుట్టిన పొగ మెట్లదారిని ఎక్కి పైనున్న వసతిగృహములో ఎనిమిదిమందిని బలిగొనెను. 2023 మార్చి 16న అదే నగరమున మరియొక వ్యాపారభవనములో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక మరణించిరి. ఎక్కడ చూచినను పొగ నిలువుదారులను వెదకికొని పోయినది.

ఇట్టి భవనములలో రాత్రివేళ పానెలు ఎదుట కూర్చుండువాడు కాపలాదారు. పానెలు ఇంగ్లీషులో మాటలాడును. బెంగుళూరులో ఇంటివారు కన్నడమో తమిళమో మాటలాడుదురు. కాపలాదారు రాయలసీమనుండి వచ్చినవాడు కావచ్చును, ఒడిషానుండి వచ్చినవాడు కావచ్చును. పరిభాష కల్పించు పండితులు పొగసూచకమునకు "ధూమసంవేదకము" వంటి పేర్లు పెట్టుదురు గాని పనివారు డిటెక్టరనియే అందురు. జోను, లూపు, హూటరు, ఫాల్టు అను మాటలు వారి నోట తెలుగు విభక్తులను తొడిగికొని హాయిగ నడచుచున్నవి. వానిని మార్చవలసిన పనిలేదు. వానికి అర్థము చెప్పు వాక్యములు మాత్రము వారి భాషలో ఉండవలెను: పసుపుపచ్చ దీపము వెలిగినచో తీగె తెగినది, మిస్త్రీని పిలువుము, ఎఱ్ఱదీపము వెలిగినచో ముందు మనుష్యులను దింపుము, తరువాత వెళ్లి చూడుము, గంటను ఆపకుము. ఈ నాలుగు మాటలను అట్టపై వ్రాసి పానెలు ప్రక్కన మేకుకు తగిలించుటకు అయ్యెడి ఖర్చు స్వల్పము.

పానెలు క్రింద సాధారణముగ ఒక రిజిస్టరు ఉండును. అందు తేదీ, వేళ, జోను, గంట ఆపినవాని సంతకము అను గడులు గీయబడియుండును. చివరి గడి "కారణము". వచ్చు మిస్త్రీ మొదట తెరచి చూచునది ఆ గడియే. చాల రిజిస్టర్లలో ఖాళీగ నుండునదియు ఆ గడియే.